యువరాజుకు పద్యాలు లేవు

యువరాజు అన్న మాట ఎక్కడ వినబడినా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. రాజునైతే భరించగలను. రాజు అన్నాక తప్పో ఒప్పో ఏదో ఒకటి చేస్తాడు. యుద్ధం ఓడిపోతాడు, పన్ను వేస్తాడు, తిట్టుకోవడానికైనా మనకు పనికొస్తాడు. యువరాజు ఏం చేస్తాడు? నాయన ఎప్పుడు పోతాడా అని కాచుకొని కూర్చుంటాడు. ఆ కూర్చోవడానికి ఒక కిరీటం, ఒక వేరే ఇల్లు, చుట్టూ చేతులు కట్టుకొని నిలబడే జనం. నేను చరిత్ర చదివి ఈ మాట అనడం లేదు. ఒక యువరాజును ఆదోని పత్తి మండీలో దగ్గరగా చూశాను, ఇంకొకణ్ణి జపాను కథల్లో చూశాను. ఇద్దరిలో జపాను వాడే నయం. వాడు కాగితం దాటి బయటికి రాలేదు.

జపాను కథలు ఆదోనికి ఎలా వచ్చాయని అడుగుతారేమో. పత్తి బేరంతో పాటు వచ్చాయి. యుద్ధానికి ముందు మా పత్తి కొనడానికి జపాను కంపెనీల తరఫున బొంబాయి నుంచి గుమాస్తాలు వచ్చి పోతుండేవాళ్లు. వాళ్లలో ఒకాయన రైల్లో కాలక్షేపానికి తెచ్చుకున్న ఇంగ్లీషు పుస్తకాన్ని హైస్కూలు అయ్యవారికి ఇచ్చిపోయాడు. వెయ్యేళ్ల కిందట జపాను అంతఃపురాల్లో ఉండే ఆడవాళ్లు రాసుకున్న కథలట అవి. మా అయ్యవారికి ఏ పుస్తకం చదివినా దాన్ని పద్యనాటకంగా మార్చేదాకా అన్నం సయించదు. సెలవులు దగ్గర పడితే చాలు, ఒక సావుకారు పత్తి గోడౌనులో నాటకం మొదలుపెట్టేవాడు.

నేను ఎమ్మిగనూరులో చిన్న బడి పంతులును. రిహార్సళ్లకు ప్రతి శనివారం మధ్యాహ్నం బస్సెక్కి ఆదోని చేరేవాణ్ణి. మాది గుళ్లో పురాణం చెప్పే ఇల్లు. మా నాయన పద్యం ఎత్తుకుంటే వీధిలో మగ్గాలు ఆపి వినేవాళ్లు. ఆ గొంతు నాకు వచ్చింది. పొలం రాలేదు, సొంత ఇల్లు రాలేదు, గొంతు ఒక్కటే వచ్చింది. దాన్ని పెట్టుకొని చిన్న పిల్లలకు ఎక్కాలు చెబుతూ బతకడం నాకు పరమ అసహ్యంగా ఉండేది. ఏదో ఒక రోజు బళ్లారి నాటక కంపెనీలో చేరి, పెద్ద స్టేజీ మీద పాడాలని నా కోరిక. అప్పట్లో మాది బళ్లారి జిల్లానే. పిల్లనిచ్చేవాళ్ల దగ్గర్నుంచి కోర్టు కాగితాలకు తిరిగేవాళ్ల దాకా అందరూ అటే చూసేవాళ్లు. నేనూ అటే చూశాను.

అయ్యవారు మమ్మల్ని పత్తి బేళ్ల మీద కూర్చోబెట్టి కథ చెప్పాడు. "ఈ కథల్లో యువరాజు ఉంటాడప్పా. ఐతే వాడు నోరు తెరవడు. రాజుండే నగరులో, అదే కోటలో, తూర్పు దిక్కున వాడికొక మేడ. ఊర్లో ప్రతి మంత్రీ తన కూతుర్ని పుట్టినప్పట్నుంచి ఆ మేడకు పెండ్లి చేసి పంపల్లని పెంచుతాంటాడు. బిడ్డకు కొడుకు పుడితే ఆ మంత్రి రాజుకు తాత ఐతాడు. ఇంగ రాజ్యం తాతదే. యువరాజు రాజైనా అంతే, తాత చాలు అంటే దిగిపోయి గుండు కొట్టించుకొని మఠంలో కూర్చుంటాడు."

"మరి వాడు చేసే పని ఏంది?" అన్నాను.

"చెప్తినే, మేడలో ఉండేది. కథలో అందరూ ఆ మేడ వైపే చూస్తాంటారు. వాణ్ణి ఎవరూ చూడరు."

అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ నగరులో ఎవరికైనా మనసులో మాట చెప్పాలంటే పద్యం రాసి పంపాలి. పద్యం రాయడం చేతకాని పెద్దింటి బిడ్డలకు తెర వెనక ఉండే పరిచారికలు రాసి పెడతారు. మెప్పు మాత్రం పెద్దింటి బిడ్డకే పోతుంది. అది విని నేను గోడౌను అదిరిపోయేట్టు నవ్వాను. ఎవరి గురించి నవ్వుతున్నానో ఆ రోజు నాకు తెలియదు.

కథానాయకుడు యువరాజు కాదు. రాజుకు అందరికంటే ప్రియమైన కొడుకు ఇంకొకడున్నాడు. తల్లి వైపు అండ లేదు కాబట్టి వాణ్ణి పక్కన పెట్టి మామూలు కొలువువాడిగా చేశారు. ప్రేమించేది వాడు, తప్పులు చేసేది వాడు, ఊరొదిలి సముద్రం ఒడ్డున ఏడ్చేది వాడు. కథంతా వాడిదే. పద్యాలన్నీ వాడివే. ఆ వేషం నాకిస్తున్నానని అయ్యవారు అందరి ముందూ చెప్పాడు.

కానీ ఆదోని నాటకాలకు ఒక రివాజు ఉంది. గోడౌను ఎవరిదో, పెట్రోమాక్సు దీపాలు ఎవరివో, బళ్లారి నుంచి వేషాల పెట్టె అద్దెకు తెప్పించేది ఎవరో, యువరాజు వేషం వాళ్లింటి పెద్దకొడుకుది. దీన్ని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. మా నాటకాల్లో యువరాజంటే కథానాయకుడే కదా, ఇక పేచీ ఎక్కడిది? జపాను నగరులో సంగతి వేరని సావుకారు కొడుక్కి ఎవరు చెప్పాలి?

ఆ సావుకారు కొడుకును గురించి చెప్పాలి. ముప్పై ఏళ్లవాడు, తెల్లగా, పొడుగ్గా, నిండుగా ఉంటాడు. మండీలో తెల్లటి పరుపు మీద వాళ్ల నాయన దిండుకానుకొని కూర్చుంటే, పక్కన జానెడు వెనక్కి ఇతను కూర్చుంటాడు. మా పత్తి బేరం నోటితో జరగదు. తువ్వాలు కింద చెయ్యి పెట్టి వేళ్లు పట్టుకొని ధర చెబుతారు, చుట్టూ ఉన్నవాళ్లకు తెలియకుండా. వాళ్ల నాయన ఆ విద్యలో పేరు మోసినవాడు. కొడుక్కి కూడా వేళ్ల భాష క్షుణ్ణంగా వచ్చు. నోటి భాషే రాదు. నాయన ఎదుట అతను గొంతు విప్పగా విన్నవాడు ఆదోనిలో లేడు. ఏమడిగినా ఒకటే జవాబు: "నాయనను అడిగి సెప్తా." ఒకసారి ఎండన పడి వచ్చి మంచినీళ్లు అడిగాను. ఆ మాటే అన్నాడు. నీళ్లు నేనే ముంచుకొని తాగాను.

అతను నాటకానికి ఒప్పుకోవడమే వింత. వాళ్లమ్మ పోయి వాళ్ల నాయనతో చెప్పి ఒప్పించిందట. వచ్చిన రోజే నాటకం పుస్తకం తిరగేసి, "అయ్యవారూ, నా పద్యాలు యాడుండాయి?" అన్నాడు.

"యువరాజుకు పద్యాలు లేవు నాయనా. గంభీరంగా కూర్చోవడమే."

"పద్యం లేని యువరాజు యాడన్నా ఉంటాడా? జనం నవ్వరా?"

అయ్యవారు ఒక గంట సేపు జపాను సంప్రదాయం వివరించాడు. మరుసటి శనివారానికి యువరాజుకు పద్యాలు వచ్చాయి. ఎక్కణ్ణుంచి వచ్చాయి? నా వేషం లోంచి. మొదట ప్రవేశ పద్యం పోయింది, తర్వాత సముద్రం ఒడ్డు పద్యం పోయింది. యువరాజుకు సముద్రం ఒడ్డున ఏం పని అని అడిగితే అయ్యవారు నా ముఖం వంక చూడకుండా చుట్ట వెలిగించుకున్నాడు. చివరికి, ఒక నాటకంలో ఇద్దరు రాజకొడుకులెందుకు, పెట్టెలో కిరీటం ఒకటే ఉంది కదా అని, నా వేషాన్నే ఎత్తేశారు. వెయ్యేళ్ల కిందట జపాను మంత్రులు ఏం చేశారో మా అయ్యవారూ అదే చేశాడు, కలం పట్టుకొని.

నేను ఆ రోజే బస్సెక్కి పోయి ఉండేవాణ్ణి. అయ్యవారు బయటికి తీసుకుపోయి బతిమాలాడు. బళ్లారి కంపెనీ మేనేజరు నాటకం చూడటానికి వస్తున్నాడట. కంపెనీలో పాడేవాడి కోసం వెతుకుతున్నాడట. ఆఖరి అంకంలో ఒక సన్యాసి వచ్చి పెద్ద పద్యం ఒకటి పాడి పోతాడు. "ఆ పద్యం నీ కోసమే రాసినా. మేనేజరు చెవిన ఆ ఒక్కటి పడితే చాలదా అప్పా? అంతదాకా సింహాసనం వెనక తడిక పెట్టిస్తా, దాని సాటున కూర్చొని సావుకారు కొడుక్కి మాటలందియ్యి." నాకు కావలసింది మేనేజరు చెవి. కూర్చుంటానన్నాను.

నాటకం రోజు పొద్దు గూకుతూనే పెట్రోమాక్సులు వెలిగాయి. కౌతాళం, హొళగుంద నుంచి కూడా జనం బండ్లు కట్టుకొని వచ్చారు. జపాను వాళ్లు ఏం కట్టుకుంటారో ఎవరికీ తెలియదు గనుక యువరాజుకు కృష్ణుడి కిరీటం, జరీ కోటు, ముత్యాల దండలు వేశారు. అయ్యవారు పట్టుబట్టి దక్కించుకున్నవి రెండే. ఒకటి, ఆ నగరులో పెద్దవాళ్లు విసనకర్రతో ముఖం మరుగు చేసుకుంటారని తాటాకు విసనకర్రకు బంగారు కాగితం అంటించి ఇచ్చాడు. రెండోది సింహాసనం వెనక వెదురు తడిక. పత్తి కుప్పల మీదికి మేకలు రాకుండా మండీలో అడ్డం పెట్టే తడిక అది. దాని వెనక నేను.

తెర లేచింది. యువరాజు విసనకర్ర ముఖానికి అడ్డం పెట్టుకొని సింహాసనం మీద కూర్చున్నాడు. నిజం చెప్పాలి, ఠీవిగా ఉన్నాడు. హార్మోనియం శ్రుతి అందించింది. నేను మొదటి మాట అందించాను. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ అందించాను. తడిక సందులోంచి చూస్తే ముందు వరసలో, మేనేజరు పక్క కుర్చీలో, అతని నాయన కూర్చొని ఉన్నాడు. రిహార్సలుకు ఒక్కసారీ రాని మనిషి ఆ రోజు వచ్చాడు. ఇంకేముంది మన వీరుడి పని! ముప్పై ఏళ్ల మనిషి, ఇద్దరు బిడ్డల తండ్రి, తలపై కిరీటం, నాయన ముందర నోరు తెరవలేక చచ్చిపోతున్నాడు.

అప్పుడు తడిక కింది సందులోంచి ఒక చెయ్యి నా వైపు వచ్చింది. చెమటతో చల్లగా ఉంది. నా చెయ్యి వెతికి నాలుగు వేళ్లూ కలిపి పట్టుకొని ఊపింది. మండీలో తువ్వాలు కింద ఆ పట్టు ఎవరు పట్టినా అర్థం ఒకటే, ఒప్పుకో అని. జనం కదులుతున్నారు. ఎవడో ఈల వేశాడు. హార్మోనియం మూడోసారి అదే స్వరం దగ్గర నిలబడింది. పాడేవాడికి ఆ స్వరం వింటూ నోరు మూసుకోవడం ఎంత కష్టమో పాడనివాళ్లకు చెప్పినా తెలియదు. నేను పాడాను.

విసనకర్ర వెనక పెదవులు కదిలాయో లేదో ఎవరు చూశారు? జనం వన్స్ మోర్ అన్నారు. మళ్లీ పాడాను. తర్వాత ప్రతి పద్యానికీ ఆ చెయ్యి వెనక్కి వచ్చి నా వేలు నొక్కేది, బేరం కుదిరిన వ్యాపారి ధీమాతో. అవి నా పద్యాలే, నా దగ్గర్నుంచి పోయినవే, అందుకని ప్రాణం పెట్టి పాడాను. సముద్రం ఒడ్డు పద్యానికి మేనేజరు కుర్చీలోంచి సగం లేచి ఆహా అన్నాడు. నాకు ఒళ్లు పులకరించింది. పోనీలే, ఆఖరి అంకంలో సన్యాసిగా వెలుగులోకి పోయి ఇదే గొంతు విప్పితే గొంతు ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది అనుకున్నాను.

ఆ సంగతి అయ్యవారికి కూడా తోచింది. నేను కాషాయం చుట్టుకుంటుంటే పరుగున వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వు పాడితే బయటపడుతుందప్పా. ఈ సీను తీసేస్తాండా."

"బయటపడనీ."

"సావుకారు స్కూలు కమిటీలో ఉండాడు. నిండు సభలో ఆయన కొడుకు పరువు తీస్తే నా ఉద్యోగం పోతాది. బిడ్డలుండారు నాకు."

నేను ఇంకా ఏదో అంటున్నాను. ఆయన ఆ చేతులతోనే సైగ చేశాడు, తెర పడింది. సన్యాసి రానే లేదు. మంగళహారతి అయిపోయింది.

ఆ తర్వాత జరిగింది తడిక వెనకే నిలబడి విన్నాను. మేనేజరు స్టేజీ మీదికే వచ్చాడు. "సావుకారూ, ఇట్లాంటి గొంతు నేను ఈ సీమలో వినలేదు. మీ అబ్బాయిని మా కంపెనీకి పంపండి. నెత్తిన పెట్టుకుంటాను" అన్నాడు.

సావుకారు నవ్వాడు. ఆ నవ్వులో సగం గర్వం, సగం ఏవగింపు. "ముఖానికి రంగు పూసుకొని ఊరూరూ తిరిగే పని మా ఇంట్లో వాళ్లకేంటికప్పా? ఏందో ముచ్చట పడినాడు, ఆడినాడు. అంతే." కొడుకు పక్కన నిలబడి ఉన్నాడు. విసనకర్ర ఇంకా చేతిలోనే ఉంది. ఒక్క మాట, గొంతు నాది కాదు అని ఒక్క మాట చెబితే వాడి సొమ్మేం పోదు. కంపెనీకి పంపేది లేదని వాళ్ల నాయన ఎలాగూ తేల్చేశాడు కదా! వాడు తలొంచుకొని విసనకర్ర కాగితం గిల్లుతూ నిలబడ్డాడు. నేను తడిక తోసుకొని పోబోయాను. అయ్యవారు నా రెట్ట పట్టుకొని ఏడ్చినంత పని చేశాడు. పోతూ పోతూ మేనేజరు అన్నాడు: "దసరా దాకా ఆ వేషం ఖాళీ పెడతాను. మనసు మారితే కబురు చెయ్యండి."

తర్వాతి వారం నేను గుంతకల్లు మీదుగా బళ్లారి పోయాను. మేనేజరు ముందు నిలబడి ఆ సముద్రం ఒడ్డు పద్యం మొదటి నుంచి చివరి దాకా పాడాను. ఆయన కళ్లు మూసుకొని విన్నాడు. మంచిమనిషి, చెడ్డ మాట అనలేదు.

"బాగుంది. ఆ సావుకారు కొడుకును అచ్చంగా దించినావు" అన్నాడు.

ఆ రోజు పాడింది నేనేనని చెప్పాను. ఆయన నవ్వాడు. "ఆయన పాడింది నా కండ్లతో నేను చూసినాను నాయనా. ఒకరి గొంతును దించేవాళ్లు నాకు పనికిరారు. నిజంగా నువ్వే అయితే ఆయన నోటితో ఒక్క మాట చెప్పించు. ఈ వేషం నీదే."

ఎవరి నోటితో చెప్పించమన్నాడో చూశారా! నేను తిరుగు రైల్లోనే ఆదోని వచ్చాను. పెద్ద సావుకారు ఊళ్లో లేని రోజు చూసుకొని మండీకి పోయాను. సంగతంతా చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు, పాపం చాలా నొచ్చుకున్నాడు కూడా. "నువ్వు పాడింది నిజమే కద సామీ. సెప్పల్ల, సెప్పల్ల" అన్నాడు.

"ఐతే ఇప్పుడే చెప్పు. మేనేజరుకు రాసేదానికి కార్డు ముక్క తెచ్చినాను."

"నాయనను అడిగి సెప్తా."

దసరా వచ్చింది, పోయింది. నేను మండీకి పోయినప్పుడల్లా అదే మాట. ఆ ఏడే కాదు, ఆ మరుసటేడూ అంతే. తర్వాత జపాను యుద్ధంలోకి దిగింది. రంగూను మీద బాంబులు పడ్డాయని పేపర్లో వచ్చిన రోజు అయ్యవారు నాటకం రాసుకున్న కాగితాలన్నీ నీళ్ల పొయ్యిలో వేసి కాల్చేశాడు. జపాను నాటకం ఆడించినాడని ఎవరైనా పోలీసులకు చెబుతారేమోనని ఆయన భయం. బళ్లారి కంపెనీ కూడా టాకీల దెబ్బకు పెట్టెలు సర్దుకుంది. ఆదోనిలో మాత్రం సావుకారు కొడుకు పాట గురించి చెప్పుకోవడం ఆగలేదు. ఆయన గొంతు దేవుడిచ్చిందని, నాయన ఆజ్ఞ దాటలేక స్టేజీ వదులుకున్నాడని, ఎంత పితృభక్తో అని జనం అనేవాళ్లు. నేను పళ్లు నూరుకొని వినేవాణ్ణి. ఒకరిద్దరికి నిజం చెప్పి చూశాను. నాకు అసూయ అన్నారు.

యుద్ధం ముగిసే రోజుల్లో పెద్ద సావుకారు పోయాడు. పరామర్శకు నేనూ పోయాను. మండీలో తెల్లటి పరుపు అలాగే ఉంది. గోడకు పెద్దాయన ఫోటో, దండ. పరుపు మధ్యలో ఆయన దిండు ఖాళీగా ఉంది. కొడుకు ఎప్పటి చోటే, పక్కన జానెడు వెనక్కి కూర్చొని ఉన్నాడు. రాజు పోయినా సింహాసనం మీదికి జరగడం చేతకాని యువరాజును జపాను కథల్లో కూడా నేను చూడలేదు.

పరామర్శ మాటలు అయ్యాయి. పది మంది వ్యాపారులు చుట్టూ కూర్చున్నారు. వాళ్లలో ఒకరు నా ఎదుటే ఆ పాట సంగతి ఎత్తారు. నాకు ఇక ఆగలేదు. కంపెనీ లేదు, వేషం లేదు, నా గొంతులో కూడా అప్పటి పదును లేదు. అయినా నాకు కావాలి. "ఇప్పుడైనా చెప్పవయ్యా. ఆ రోజు పాడింది ఎవరు? వీళ్ల ఎదుట ఒక్క మాట చెప్పు, చాలు" అన్నాను.

అందరూ అతని వైపు చూశారు. అతను నోరు తెరిచాడు. అంతలో అతని చూపు ఖాళీ దిండు మీదికి పోయింది. నా వైపు వంగి, ఎవరికీ వినబడకుండా, ఎంతో మర్యాదగా చెప్పాడు.

"నాయనను ఇంగా అడగల్యా సామీ."

లేచి చెప్పులు వేసుకొని వచ్చేశాను. సాయంత్రం ఎమ్మిగనూరు బస్సులో జనం పల్చగా ఉన్నారు. కిటికీ పక్కన కూర్చున్నవాణ్ణి, ఎవరూ అడగకుండానే, నాటకంలో ఎన్నడూ పాడని ఆ సన్యాసి పద్యం ఎత్తుకున్నాను. కోపంతో పాడాను, గొంతు చించుకొని పాడాను. పద్యం ముగిసింది. ముందు సీటులో పత్తి అమ్ముకొని ఊరికి పోతున్న ముసలాయన వెనక్కి తిరిగి, తలపాగా సర్దుకుంటూ, నన్ను మెచ్చుకోలుగా చూశాడు.

"అచ్చం ఆదోని సావుకారు కొడుకు పాడినట్టే పాడితివి సామీ. ఆయన నాటకం నేను సూసినా."